రెండు వందల పన్నెండు పేజీల బూడిద

1945 ఆగస్టు పద్దెనిమిదిన జపాన్‌లోని మినెహారా ఊరి సైనిక రికార్డులన్నీ కాలిపోయాయి. యుద్ధంలో ఓడిన ప్రభుత్వం తగలబెట్టమంది. ఆఫీసు వెనక పెరట్లో తగలబెట్టారు. "అన్నీ కాల్చాం, ఏమీ మిగల్లేదు" అని రిపోర్టు రాసి, దాన్ని మాత్రం భద్రపరిచారు.

ఎనభై ఏళ్ల తర్వాత ఆ రిపోర్టు చూసి మేయర్ ఒగుషిగారు పరవశించిపోయారు. ఊరికి చరిత్ర దొరికింది! వెంటనే గాజు గోడలతో మూలపత్రాల మందిరం కట్టించి, "మన జ్ఞాపకాలకు ఇక చావు లేదు" అని ప్రకటించారు. లోపల పెట్టడానికి పత్రాలు లేవన్న చిన్న లోపం ఒక్కటే మిగిలింది.

ఆ లోపాన్ని సకైదా కినుయో తీర్చింది. ఎనభై ఆరేళ్ల ఆవిడ పాత ఇల్లు పడగొట్టిస్తుంటే, మిసో అనే సోయా ముద్ద ఊరేసే పీపా కింద నూనెగుడ్డలో చుట్టిన రిజిస్టరు బయటపడింది. యుద్ధానికి వెళ్లి తిరిగిరానివాళ్లు, పేజీకొకరు. నలభై ఒకటో పేజీలో ఆవిడ అన్న షింకిచి. న్యూగినీ. ఆకలిచావు.

ఊరి స్మారకశిల మీద మాత్రం అందరిదీ వీరమరణమే. షింకిచి అడుగంటిన అన్నం కోసం నాలుగేళ్ల చెల్లెలితో పోట్లాడిన మనిషి.

"మా అన్న పేరు పక్కన ఆ ఒక్క మాట మార్చండి బాబూ," అంది కినుయో.

"మార్చకపోవడమేంటి బామ్మగారూ! బంగారం తెచ్చారు!" మేయర్‌గారు రిజిస్టరును రెండు చేతులా అందుకుని నడుం వంచి నమస్కరించారు.

సెక్షన్ ఆఫీసర్ తొకురా చిన్నగా దగ్గాడు. "సార్, ఇది కాలిపోయింది."

"ఒక్క మూల కూడా నల్లబడలేదు కదయ్యా!"

"రిపోర్టు ప్రకారం కాలింది సార్. గుమాస్తా సకైదా సంతకం కూడా ఉంది."

"ఆయన మా నాన్నే," అంది కినుయో. "ఇది దాచిపెట్టి అబద్ధం రాశాడు."

"రికార్డు అబద్ధం చెప్పదు బామ్మగారూ," అన్నాడు తొకురా.

"మరి నా చేతిలో ఉన్నదేంటి?" అన్నారు మేయర్‌గారు.

"బూడిద సార్."

మేయర్‌గారు దాన్ని బల్లమీద పెట్టి గబగబా చేతులు తుడుచుకున్నారు.

కినుయోకి రసీదు ఇచ్చారు: బూడిద, ఒకటి, 212 పేజీలు. శిలమీద మాట మార్చాలంటే దరఖాస్తుకు మూలపత్రం జతచెయ్యాలి. బూడిదను జతచెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ప్రారంభోత్సవం నాడు బూడిద గాజుపెట్టెలో కొలువుతీరింది. ఎగిరిపోకుండా ఫ్యాన్లు ఆపించారు. జనం చెమటలు కక్కుతూ వరసకట్టారు.

"ఎంత చక్కటి బూడిదో! అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి," అని ఒకావిడ మురిసిపోయింది.

మేయర్‌గారు గద్గదస్వరంతో ఒక నిమిషం మౌనం ప్రకటించి, గడియారం చూసుకున్నారు. పన్నెండో సెకనులో కినుయో పెట్టె మూత ఎత్తింది.

"సకైదా షింకిచి. న్యూగినీ. ఆకలిచావు."

"బామ్మగారూ, మౌనం! సరే, మళ్లీ మొదట్నుంచి."

టోఫు అమ్మే ముసలి ఉమెతారో తోసుకుంటూ ముందుకొచ్చాడు. "కినుయో, మా నాన్నది కూడా చూసిపెట్టవే."

"ఉండరా, వరసలో రా. ఇదిగో మీ నాన్న. ఇనోమాతా గెంజి. లూజోన్ దీవి. ఆకలిచావు."

"మళ్లీ మొదట్నుంచి!" మేయర్‌గారి గొంతు కీచుమంది. "తొకురా, ఆవిణ్ణి ఆపవయ్యా!"

తొకురా నిబంధనల పుస్తకం ఆసాంతం తిరగేశాడు. "బూడిద చదవకూడదని ఎక్కడా లేదు సార్."

వరస మందిరం దాటి, వీధి మలుపు తిరిగి, స్మారకశిల దాకా సాగింది. మధ్యాహ్నానికి మేయర్‌గారు ఆ నిమిషాన్ని ఎనభై మూడుసార్లు మొదలుపెట్టారు.

శిలమీద మాట మారలేదు. ఒక నిమిషం మౌనం ఇంకా పూర్తికాలేదు.