ఓడ దిగిన ఏనుగులు

ఆ సోమవారం పొద్దున వెర్నా టటిల్ అనుకున్న పనులు పెద్దవేమీ కావు. ఆఫీసుకు వెళ్ళగానే కౌంటరు తుడవాలి, కాఫీ పెట్టాలి, తనిఖీకి వచ్చే మనిషి తిరిగి కారెక్కేదాకా ఏ తప్పూ జరగకుండా చూడాలి. వీటిలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

మిస్సిసిప్పీ నది ఒడ్డున కార్విల్ అనే ఆ చిన్న ఊళ్ళో పేదవాళ్ళకు తిండి సరుకులు కొనుక్కునే ఫుడ్ స్టాంపులూ, పిల్లల వైద్యానికి సాయమూ ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం అది. కౌంటరు దగ్గర ఇద్దరే మనుషులు, వెర్నా, జెనీవా బాస్కమ్. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నారు. వెర్నా భర్త పోయినప్పుడూ, ఉన్న ఒక్క చెల్లెలూ అరిజోనా వెళ్ళిపోయినప్పుడూ ఆమెను నిలబెట్టింది ఆ పక్క కుర్చీయే. చెల్లెలు బస్సెక్కి వెళ్ళిపోయిన ఆ స్టేషను ముందు నుంచి నడవాల్సి వస్తే ఈనాటికీ వెర్నా చుట్టు దారిలో పోతుంది.

కొత్త చట్టం ఒకటి వచ్చి రెండేళ్ళయింది. సాయం కోసం వచ్చిన ప్రతి మనిషినీ, ఓటరుగా పేరు నమోదు చేయించుకుంటారా అని అక్కడే అడగాలి. వెర్నా ఒక్కరినీ వదలకుండా అడిగేది. కార్విల్ జనం ఒక్కరూ మిగలకుండా వద్దనేవారు. పేరు రాయించుకుంటే కోర్టువాళ్ళు పిలిచి, కేసులు విని తీర్పు చెప్పే జ్యూరీలో కూర్చోబెడతారని వాళ్ళ భయం. దాంతో రాజధానిలో పెద్దలకు అనుమానం వచ్చింది. ఈ ఆఫీసులో అసలు అడుగుతున్నారా? అడగని ఆఫీసు ఎందుకు? ఈ తనిఖీ బాగా జరగకపోతే కౌంటరు ఎత్తేసి, వెర్నాను ఉత్తరాన ఒక ఊరికీ, జెనీవాను దక్షిణాన ఒక ఊరికీ పంపిస్తామని సూపర్‌వైజరు హెన్స్‌లీ గారికి కబురు పెట్టారు.

ఆ చట్టంలోనే ఇంకో నియమం ఉంది. అడిగేవాళ్ళు ఏ పార్టీ వైపూ మొగ్గినట్టు కనబడకూడదు. వెర్నా తుడుపుగుడ్డ చేతిలో పట్టుకుని గదంతా కలియజూసింది. చూపు పిల్లల మూలలో ఉన్న చెక్క బొమ్మల దగ్గర ఆగిపోయింది. చర్చివాళ్ళు ఇచ్చిన, బైబిల్లో ప్రళయం నాటి నోవహు ఓడ, దాని నిండా జతలు జతలుగా జంతువులు.

"జెనీవా, ఏనుగులు" అంది.

జెనీవా కోటు విప్పుతూనే ఉంది. "ఎక్కడ?"

"ఓడలో."

"ఓడలో ఏనుగులు కాక ఏముంటాయే? నోవహే దగ్గరుండి ఎక్కించుకున్నాడు."

"ఏనుగు ఒక పార్టీ గుర్తు."

"పక్కనే గాడిదలున్నాయిగా, అవి రెండో పార్టీ గుర్తు. సరికి సరి."

"సరికి సరి ఎలాగవుతుందే? ఏనుగు ఎంతుంది, గాడిద ఎంతుంది? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"అది దేవుడు చేసిన పక్షపాతం. తనిఖీ ఆయనకి చేయమను."

వెర్నా వినలేదు. ఏనుగులు రెంటినీ తీసుకెళ్ళి సొరుగులో పెట్టింది. అప్పుడే వచ్చిన హెన్స్‌లీ గారు, సరిగ్గా ఉన్నవాటిని కూడా సర్దే అలవాటున్న మనిషి, నేరుగా ఓడ దగ్గరికి వెళ్ళాడు.

"ఏనుగులేవి?"

"తీసేశాను సార్, పార్టీ గుర్తని."

"గాడిదల్ని ఉంచి ఏనుగుల్ని మాత్రం తీసేశావా? ఇంకేమన్నా ఉందా వెర్నా? ప్రభుత్వ ఆఫీసులో గాడిదలే మిగిలాయని రాసుకుపోరూ?"

"రాసుకోనివ్వండి సార్, మనం ముగ్గురం ఉన్నాంగా" అంది జెనీవా.

గాడిదలు కూడా సొరుగులోకి వెళ్ళాయి. కానీ ఓడలో రెండు చోట్ల ఖాళీలు కనబడుతున్నాయి. ఆ ఖాళీలు చూస్తే ఏం తీశారో చిన్నపిల్లలకైనా తెలుస్తుందని హెన్స్‌లీ గారు మరో బెంగ మొదలుపెట్టాడు. అందుకని ఓడే తీసేశారు. ఎర్ర రంగు ఒక పార్టీది, నీలం రంగు రెండో పార్టీది కాబట్టి రంగు పెన్సిళ్ళ డబ్బా తీసేశారు. రంగులేసే పుస్తకాలు ఒంటరిగా ఏం చేస్తాయని వాటినీ తీసేశారు. అన్నిటినీ ఒక అట్టపెట్టెలో సర్ది, వెర్నా నేలమీద కూర్చుని టేపు అంటించసాగింది. టేపు చరచరమన్న చప్పుడుకు చెల్లెలు సామాను కట్టుకున్న రోజు గుర్తొచ్చింది. కళ్ళు వాటంతట అవే నిండాయి.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని యూలలీ క్రోకర్ లోపలికి వచ్చింది. ఊరి బాప్టిస్టు చర్చి ఆడవాళ్ళకు ఆవిడే పత్రిక, ఆవిడే తంతి. ఫుడ్ స్టాంపులు కొనసాగించమని అడగడానికి మనవరాలు టిల్లీని చంకనేసుకుని వచ్చింది.

టిల్లీ దిగి ఖాళీ మూలను చూసింది. "ఏనుగు ఏది?"

"ఊరెళ్ళింది తల్లీ" అంది వెర్నా.

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

వెర్నా ముక్కు చీదుకుంది. యూలలీ అట్టపెట్టెను చూసింది, టేపును చూసింది, వెర్నా కళ్ళు చూసింది.

"ఏమైంది వెర్నా? ఈ సర్దుడేంటి?"

"ఆ సంగతి నేను మాట్లాడకూడదు యూలలీ గారూ. రూలు ఒప్పుకోదు."

యూలలీకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. పని చూసుకుని, టిల్లీని మళ్ళీ చంకనేసుకుని, ఎదురుగా ఉన్న మందుల షాపులో ఫోను దగ్గరికి వెళ్ళింది.

మొదట నలుగురైదుగురు వచ్చారు. తర్వాత గది నిండింది. ఆ తర్వాత వరుస మెట్లు దిగి, మంగలి షాపు దాటి, బ్యాంకు మలుపు తిరిగింది. ఈ నెలా వచ్చే నెలా రావలసినవాళ్ళంతా ఈ పూటే వచ్చారు. ఏ సాయమూ అక్కర్లేనివాళ్ళు కూడా చూసిపోదామని వచ్చారు.

వరుసలో ముందున్నవాడు ముసలి క్లెమెంట్ రకర్. చేతిలో టోపీ నలుపుతున్నాడు. వెర్నా రోజూ అడిగినట్టే అడిగింది. "ఇప్పుడుంటున్న ఇంటి చిరునామాతో ఓటరుగా పేరు లేకపోతే ఇవాళ ఇక్కడే రాయించుకుంటారా? అవునన్నా కాదన్నా మీకొచ్చే సాయంలో తేడా ఏమీ ఉండదు."

"రాయి" అన్నాడు క్లెమెంట్.

వెర్నా పెన్ను ఆగిపోయింది. "ఎప్పుడూ వద్దంటారుగా?"

"రేపూ అడుగుతావులే అని వద్దనేవాణ్ణి. నువ్వు అడగడం, నేను వద్దనడం, అదో పలకరింపు మనకి. రేపట్నుంచి నన్నెవరడుగుతారు? దీనికోసం కౌంటీ పట్నం దాకా పోతానా?"

"రేపు కూడా ఇక్కడే ఉంటాం క్లెమెంట్ గారూ. మేం మూసేయట్లేదు."

ఆయన వెర్నా వంక జాలిగా చూశాడు. "చేతి తొడుగుల ఫ్యాక్టరీలో మా మేనేజరు కూడా ఇదే మాటన్నాడు, శుక్రవారం సాయంత్రం. సోమవారానికి గేటుకి తాళం."

ఆ మాటతో వరుసంతా తలాడించింది. ఇది చూసి హెన్స్‌లీ గారు కుర్చీ ఎక్కి, ఆఫీసు మూసేస్తున్నారన్నది నిజం కాదని గట్టిగా ప్రకటించాడు. ఆయన గొంతు కాస్త వణికింది. అంతవరకూ అనుమానం మిగిలిన ఒకరిద్దరికి కూడా అప్పుడు నమ్మకం కుదిరింది.

"పాపం, ఆయన చేత అలా చెప్పిస్తున్నారు" అంది వెనకనుంచి ఎవరో.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పేర్లు రాయించుకుంటున్నారు. జ్యూరీ భయం గుర్తొచ్చి వెనక్కి తగ్గబోయిన ఒకాయన్ని ఆయన భార్య మోచేత్తో పొడిచింది. "ఈ ఆడపిల్లలిద్దరూ వెళ్ళిపోతుంటే నీకు జ్యూరీ గోలేంటి? రాయించుకో."

"ఆగమ్మా" అంది జెనీవా. "బలవంతం లేదు. వద్దనుకుంటే వద్దన్న గడిలో గీత గీస్తే చాలు."

"నేనడిగానా నిన్ను? అడిగింది మా ఆయన్ని" అంది ఆవిడ. ఆయన అవునన్న గడిలోనే గీత గీశాడు.

మధ్యాహ్నానికి చర్చి ఆడవాళ్ళు దిగారు. చీజు వేసి కాల్చిన మాకరోనీ, బంగాళాదుంపల సలాడ్, వేయించిన కోడి, వీటన్నిటి వెనక టిల్లీని వెంటబెట్టుకుని యూలలీ మోసుకొచ్చిన పెద్ద కేకు. తెల్లటి కేకు మీద పాకంతో రాసిన అక్షరాలు ఆకుపచ్చగా ఉండడం చూసి, ఏ పార్టీదీ కాదని హెన్స్‌లీ గారు ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన అక్షరాల రంగే చూశాడు. వెర్నా చదివింది. "వెర్నాకూ జెనీవాకూ వీడ్కోలు." పక్కకు తిరిగి జెనీవా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. జెనీవా ఎడమచేత్తోనే దరఖాస్తులు తీసుకుంది.

ఈ గందరగోళంలో బూడిదరంగు కోటు వేసుకున్న ఒకావిడ వరుస పక్కనుంచి ముందుకు నడిచింది. క్లెమెంట్ పని అయిపోయినా వెళ్ళకుండా తలుపు దగ్గర పెద్దరికం చేస్తున్నాడు. ఆవిణ్ణి ఆపేశాడు.

"వెనక్కెళ్ళమ్మా. మేమంతా నుంచున్నవాళ్ళమే."

"నేను పనిమీద వచ్చానండీ."

"పని లేనివాళ్ళు కూడా వరుసలోనే ఉన్నారు. ఇదుగో, ఈ మాకరోనీ తింటూ నుంచో."

ఆవిడ మంగలి షాపు దాకా వెనక్కి వెళ్ళి, మాకరోనీ తింటూ, ముందువాళ్ళ ఏడుపులూ వెనకవాళ్ళ కబుర్లూ వింటూ, ఎండ వాలే వేళకు కౌంటరు దగ్గరికి చేరింది. వెర్నా తలెత్తకుండానే అడిగింది.

"ఇప్పుడుంటున్న ఇంటి చిరునామాతో ఓటరుగా పేరు లేకపోతే ఇవాళ ఇక్కడే రాయించుకుంటారా? అవునన్నా కాదన్నా..."

"నా పేరు కోరిన్ అషర్. రాజధాని నుంచి తనిఖీకి వచ్చాను."

వెర్నా తలెత్తింది. కానీ మొదలెట్టిన మాట మధ్యలో ఆపే అలవాటు ఆమెకు లేదు. "...మీకొచ్చే సాయంలో తేడా ఏమీ ఉండదు" అని పూర్తి చేసింది.

మిస్ అషర్ మొహం కాస్త ఎర్రబడింది. "నేను ఇల్లు మారాను. వసంతకాలంలో. ఓటు కొత్త చిరునామాకు మార్పించుకోవడం..."

"అందరూ మర్చిపోతారండీ" అని వెర్నా ఆవిడకు కాగితం, పెన్ను అందించింది.

కాగితం నింపాక మిస్ అషర్ గది చుట్టూ చూసింది. "ఇంతమంది చేత ఎలా రాయించారు మీరు?"

హెన్స్‌లీ గారు ముందుకు వచ్చి సిబ్బంది అకుంఠిత దీక్ష గురించి మొదలెట్టాడు. వెర్నా ఆయనకు అడ్డొచ్చింది. ఉద్యోగంలో చేరాక అడ్డు రావడం అదే మొదలు.

"మేమేం చేయలేదండీ. రోజూ అడిగినట్టే అడిగాం. ఆఫీసు మూసేస్తున్నారని వీళ్ళంతా అనుకున్నారు. కాదని చెప్పాం, నమ్మలేదు. మూసేదీ లేనిదీ మీ చేతుల్లో ఉందట. ఒకవేళ మూస్తే మా ఇద్దర్నీ ఒక ఊరికే పంపండి. అదొక్కటే మనవి."

జెనీవా తన కుర్చీని వెర్నా కుర్చీకి దగ్గరగా జరుపుకుంది.

మిస్ అషర్ కిటికీలోంచి బ్యాంకు మలుపు దాకా ఉన్న వరుసను చూసింది. "మూయాలంటే ఈ ఆఫీసు ఎవరికీ అక్కర్లేదని నేను రాయాలి. అక్కర్లేని ఆఫీసు కోసం నేనే ఇంతసేపు వరుసలో నుంచున్నానని ఎలా రాయను? మూయరు. మీరిద్దరూ ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోండి."

ఆ మాట వరుస పొడవునా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది.

"అంటే మూయట్లేదా?" అన్నాడు క్లెమెంట్. "మరి నేను సంతకం పెట్టేశానే. రేపు జ్యూరీకి పిలిస్తే నీదే పూచీ వెర్నా."

"పొద్దుట్నుంచీ చెబుతూనే ఉన్నాంగా మూయట్లేదని" అంది జెనీవా.

"చెబితే నమ్మేలా చెప్పాలి. మూడు డబ్బాల చీజు వేశాం ఆ మాకరోనీలో" అంది యూలలీ.

అప్పటికి టిల్లీ అట్టపెట్టె టేపు పీకేసి, సొరుగు కూడా తెరిచి, ఏనుగునూ గాడిదనూ ఒకే చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చున్న మిస్ అషర్ ఒళ్ళో ఎక్కించింది. ఆవిడ తినమని రెంటికీ చెరో కోడిమాంసం ముక్క చూపించింది. హెన్స్‌లీ గారు కళ్ళు మూసుకున్నాడు.

ఎంత కోపమొచ్చినా కేకు కోయక తప్పదు కదా. యూలలీ కత్తి తీసుకుని, ఎవరికి ఏ ముక్క కావాలని అడిగింది. జెనీవాకు తన పేరున్న ముక్క ఇచ్చారు. వెర్నా తన పేరున్నది వద్దని, చివరనున్న "వీడ్కోలు" అంతా అడిగి పళ్ళెంలో వేయించుకుంది. జెనీవా పక్కన తన కుర్చీలో కూర్చుని, ఒక్క అక్షరం కూడా మిగల్చకుండా తింది.

ఆమెకు రుచించిన వీడ్కోలు జన్మలో అదొక్కటే.