సొంత డబ్బా, పరాయి సంతకం

మనిషి తన గొప్పతనం తాను తెలుసుకోవడానికి తపస్సు చేయనక్కర్లేదు, గురువును వెతుక్కోనక్కర్లేదు. పరాయి దేశంలో ఉద్యోగం చేస్తూ శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకుంటే చాలు!

నవ్వకండి. ఈ దరఖాస్తు జోలికి పోనంతకాలం నేనూ మీలాంటి మామూలు మనిషినే అనుకుంటూ బతికాను. లిఫ్టులో తలుపులు మూయడానికి ఒక బటన్ ఉంటుంది చూశారూ, దాని వెనకుండే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. ఆ బటన్ నొక్కినా నొక్కకపోయినా తలుపులు వాటికి బుద్ధి పుట్టినప్పుడే మూసుకుంటాయని మీకు తెలుసు. నాకూ తెలుసు. తెలియనిది నా దరఖాస్తు చూసే లాయరుగారొక్కరికే.

నేను లేకపోతే ఈ దేశానికి తీరని నష్టమని రుజువు చేయాలన్నాడాయన. అందుకు పెద్దపెద్దవాళ్ల దగ్గర నుంచి సిఫారసు ఉత్తరాలు తేవాలట. నా గురించి వాళ్లు అంత గొప్పగా ఎందుకు రాస్తారండీ అని అమాయకంగా అడిగాను. వాళ్లెందుకు రాస్తారు, మీరే రాసుకెళ్లండి, వాళ్లు సంతకం పెడతారు, అందరూ చేసేది అదే అన్నాడు.

ఆహా, ఎంత గొప్ప ఏర్పాటు! తనను తాను పొగుడుకోకూడదని చిన్నప్పుడు పెద్దవాళ్లు మనకు నేర్పారు. పాపం, వాళ్లకు వీసాల సంగతి తెలియదు కదా!

మొదటి ఉత్తరానికి కాస్త మొహమాటపడ్డాను. రెండో దానికి మొహమాటం నన్ను వదిలి తన దారి తాను చూసుకుంది. నా బటన్ కాస్తా 'నిలువు ప్రయాణ రంగంలో పెనుమార్పు' అయింది. మూడో ఉత్తరంలోకి మానవజాతి మొత్తం వచ్చి చేరింది. అన్నీ ఒకే చేత్తో రాసినట్టు ఉండకూడదు కదా! అందుకని బాసుగారి ఉత్తరం ముక్కలు ముక్కలుగా, విసుగ్గా రాశాను. ప్రొఫెసర్‌గారి ఉత్తరం ఎవరికీ అర్థం కాకుండా రాశాను. ఆ ప్రొఫెసర్‌గారిని నేనెన్నడూ చూసిన పాపాన పోలేదు. ఆయన మాత్రం నా ఎదుగుదలను ఏళ్ల తరబడి ఆనందంగా గమనిస్తున్నట్టు సంతకం పెట్టి పంపాడు. మహానుభావుడు!

బాసుగారు రెండు మీటింగుల మధ్య నిలబడి, చదవకుండానే సంతకం గీకాడు. నేను లేనిదే కంపెనీ నడవదని అందులో ఉంది. అదే ఊపులో ప్రమోషన్ మాట ఎత్తాను. బటన్ల పనికి ప్రమోషన్ ఏమిటి, కొత్తగా చేరినవాళ్లెవరైనా చేస్తారన్నాడు. నేనేం బాధపడలేదు. నోటితో అన్నమాటకు విలువేముంది? సంతకం ఉన్నదే నిజం!

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ పళ్ల డాక్టరు. నా దరఖాస్తు తేలేదాకా ఆవిడ ఈ దేశంలో ఉండవచ్చు, తినవచ్చు, గాలి పీల్చవచ్చు. పని మాత్రం చేయకూడదు. ఇదీ వరమే సుమండీ! చదువుకున్న డాక్టరుకు వంటింటి కుళాయి మూలమూలలా తోమే తీరిక ఇంకెక్కడ దొరుకుతుంది? మెట్ల మీద పక్కింటి పాప ఎదురై నవ్వుతుంది. ఆ నవ్వులో పుచ్చుతున్న పన్ను ఎక్కడుందో మా ఆవిడకు తెలిసిపోతుంది. తెలిసినా నోరు మూసుకుని, కూరల సంచీతో లోపలికి వచ్చేస్తుంది. ఆ పాప నోట్లో వేలు పెడితే ఊడేది నా దరఖాస్తు!

ఉత్తరాలన్నీ ఆవిడ చేతే ఒకసారి చదివించాను. ఎక్కడా నవ్వకుండా చదివింది. మానవజాతిని రెండుచోట్ల కొట్టేసింది. తర్వాత కాగితాలు సర్దిపెడుతూ అంది: "నాక్కూడా ఒకటి రాసిపెట్టండి. ఎవరికీ పంపక్కర్లేదు."

అదెంత పని! కూర్చున్నాను. ఒక్క ముక్క రాలేదు. ఆవిడ చేతి వంట గురించి పేజీలకు పేజీలు రాయగలను. ఆవిడ చేతి పని నేనెప్పుడు చూశాను? పెళ్లయింది, నా ఉద్యోగం వెంట వచ్చేసింది, అంతే. నిజంగా సిగ్గేసింది.

"పోన్లెండి, నేనే రాసుకుంటా. మీరు సంతకం పెట్టండి. అందరూ చేసేది అదేగా," అంది.

రాసుకుంది. 'ఈమె దగ్గర పన్ను పీకించుకోవడానికి పిల్లలు భయపడరు. పీకక్కర్లేని పన్ను ఈమె పీకదు.' అంతే! పెనుమార్పు లేదు, మానవజాతి లేదు. ఈ విద్యలో చేయి తిరిగినవాణ్ని కనుక అబద్ధం ఎక్కడైనా తగులుతుందేమోనని వెతికాను. తగల్లేదు. సంతకం పెట్టాను.

అది నాకెంత నచ్చిందంటే, ఆవిణ్ని ఒప్పించి లాయరుగారి దగ్గరకు పట్టుకెళ్లాను. ఫైల్లో దీన్నీ చేర్చండి, ఈ దేశానికి ఒక మంచి డాక్టరు కూడా దొరుకుతుందని తెలుస్తుంది అన్నాను. ఆయన గాభరా పడిపోయాడు.

"ముందు తీసెయ్యండి దాన్ని! ఇంత పని వచ్చిన మనిషి ఇన్నాళ్లు ఊరికే కూర్చుందంటే ఎవరు నమ్ముతారు? దొంగచాటుగా చేస్తోందనుకుంటారు."

తీసి జేబులో పెట్టుకున్నాను. మిగిలిన ఉత్తరాలన్నీ ఆయన ఒకటికి రెండుసార్లు తిరగేసి, వీటిలో అనుమానించడానికేమీ లేదని ఫైలు మూశాడు.