వంకల విందు

మా వీధి రుచి సంఘం వారి సముద్రతీర పర్యటన దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అసలు సిసలు స్థానిక రుచి దొరకాలంటే జనం లేని రోజుల్లోనే వెళ్ళాలని అధ్యక్షులవారు సెలవిచ్చారు. అప్పుడు బస్సు కిరాయి సగమే అన్న సంగతి ఆయన దృష్టికి రానేలేదు.

తీరా వెళ్తే హోటళ్ళన్నీ మూసేసి ఉన్నాయి. ఒక కుక్క ఉంది గాని, దానికి మమ్మల్ని చూసి మొరిగే ఓపిక లేదు. ఆకలితో నకనకలాడుతూ ఓ సందు తిరిగితే, ఒక ఇంటిముందు కుర్చీలు వేసి ఉన్నాయి. లోపల చేప వేగుతున్న వాసన. ఇంటాయన పడవ ఇంజన్ల మెకానిక్కు. మమ్మల్ని చూడగానే చేతులు జోడించి, "రండి రండి, మీకోసమే చూస్తున్నాం!" అన్నాడు. స్థానికుల ఆతిథ్యమంటే ఇదీ అని మురిసిపోయాం. వాళ్ళమ్మాయిని చూడ్డానికి ఆ పూట మగపెళ్ళివారు రావాలని మాకెవరు చెప్పారు గనక?

అధ్యక్షులవారు కూర నోట్లో పెట్టుకుని మొహం చిట్లించారు. ఇంటావిడ పరుగున వెళ్ళి ఇంకో కూర తెచ్చింది. చేపలో ముల్లుందన్నాను నేను. ఇంటాయన క్షమించమని, ముళ్ళు తనే తీసిపెట్టాడు. నీళ్ళు మరీ తడిగా ఉన్నాయన్నాడు మా కోశాధికారి. వెంటనే మార్చారు. "ఎంత పట్టింపో చూశావా! గొప్ప కుటుంబం" అని ఇంటాయన భార్య చెవిలో ఊదాడు.

అంతలో అసలువాళ్ళు దిగారు, తల్లీ తండ్రీ అబ్బాయీ. "మేమే పెళ్ళివారం, బస్సు ఆలస్యమైంది" అనేసరికి ఇంటాయనకు మతిపోయింది. ఎవరు అసలో తేల్చడానికి మిగిలింది వాళ్ళకూ వడ్డించాడు. "చల్లారినా బాగుందండీ" అంది తల్లి. అబ్బాయి తన కంచం తనే కడిగాడు. దాంతో దొరికిపోయారు.

"మగపెళ్ళివాళ్ళు ఇంత మెతగ్గా ఉంటారా? మోసగాళ్ళు!" అని గర్జించాడు ఇంటాయన.

"నాన్నా, నాకు ఈయనే నచ్చాడు" అంది అమ్మాయి తలుపు దగ్గర నుంచి.

"నీకేం తెలుసు, నువ్వూరుకో!"

పాపం, ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. మాకు నిజంగా జాలేసింది. నిజం చెప్పేద్దామనే అనుకున్నాం గాని, అప్పుడే మిఠాయి వస్తోంది.

పైగా అధ్యక్షులవారికి, ఎవరూ పిల్లనివ్వని కొడుకు ఒకడున్నాడు. ఆయన లేచి గొంతు సవరించుకుని, "స్థానిక రుచులతో మా బంధం శాశ్వతం కావాలన్నదే ఈ పర్యటన లక్ష్యం" అని ఉపన్యసించారు. సంబంధం ఖాయమైపోయింది.

పెళ్ళి వచ్చే నెల్లోనే. తమరంతా తప్పక విచ్చేయ ప్రార్థన. భోజనం బాగుందని మాత్రం నోరు జారకండి, మా తరఫువాళ్ళు కాదని గెంటేస్తారు. అయినా మీకు నేను చెప్పాలా, ఇన్ని పెళ్ళిళ్ళు తిన్నవారు!