ముసలి ఎలుకల సత్తువ

మంగళవారం పదకొండింటికి గైడు ఆచార్య చెంచురామయ్యగారు భద్రాచలంలో బస్సు దిగుతారు. మోటారుతో గిర్రున తిరిగే కర్రమీంచి ముసలి ఎలుకలు జారిపడటం చూస్తారు. భోజనం వేళకు థీసిస్ మీద సంతకం పెడతారు. ఇదీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వెంకటరామారావు వేసుకున్న పథకం. వయసు మీరితే ఒంటికి పట్టు తప్పుతుందన్న ముగింపును మహానుభావుడు ముందే టైపు కూడా చేయించేశాడు. సంతకం పడితే ప్రమోషన్, లేకపోతే కథ మళ్ళీ మొదటికే.

పొద్దున్నే ఓసారి చూసుకుందామని మోటారు వేశాడు. కర్రమీద ముసలివి దర్జాగా నడుస్తున్నాయి. పడుచువి కింద పరిచిన గోనెసంచి మీద టపటపా రాలుతున్నాయి. అటెండర్ దేవ్‌సింగ్ బోనులు కడిగేటప్పుడు వాటి మీది చీటీలు తారుమారు చేసి ఉంటాడని తేల్చుకుని, రామారావు తానే చీటీలు అటూఇటూ మార్చి బస్టాండుకు పరుగెత్తాడు.

దేవ్‌సింగ్ వచ్చి, చీటీలు మారి ఉండటం చూశాడు. "పాపం, టెన్షన్‌ల సారుకు ఏం తోస్తలేదు" అనుకుని, ఎక్కడి చీటీలు అక్కడే తగిలించాడు.

ఆచార్యులవారు వచ్చే నెలలో రిటైరవుతున్నారు. ఆ మాట ఎవరెత్తినా ఆయనకు ఒళ్ళుమంట. కర్ర తిరిగింది. 'ముసలివి' అని రాసిన బోనులోంచి తీసినవాటిలో ఒక్కటీ పడలేదు.

"చూశావుటయ్యా, వయసుకూ పట్టుకూ సంబంధమే లేదు. నీ ముగింపు తప్పు, తిరగరాయి" అన్నారు, ఆనందం పట్టలేక.

రామారావు దేవ్‌సింగ్‌ను పక్కకు లాగాడు. చీటీలు అసలు తారుమారు కాలేదనీ, తాను మార్చినవాటిని అతనే సరిచేశాడనీ తెలిసింది. "వీటికేం పెట్టావయ్యా?"

"మీరిచ్చిన దాణానే సార్. మా ఇంట్ల పెద్దోళ్ళు తిన్నంకనే పిల్లలు తింటరు. గట్లనే ముసలియాటికి కడుపునిండ పెట్టి, మిగిలింది పడుచుయాటికి ఏసిన. తప్పయిందా?"

రామారావుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సంగతి చెప్పబోతే ఆచార్యులవారు వినిపించుకోలేదు. అప్పటికే బస్టాండు దారి పట్టారు.

ఖమ్మం బస్సు కదులుతోంది. "ఆపిస్తానుండండి సార్, చెయ్యివ్వండి" అన్నాడు రామారావు.

"ఎలుకకు అక్కరలేని ఆసరా నాకెందుకయ్యా" అంటూ ఆయన ఫుట్‌బోర్డు మీదికి ఒక్క గెంతు గెంతారు. పట్టు చిక్కలేదు. రోడ్డు మీద బోర్లా పడ్డారు.

సాయంత్రం దవాఖానాలో, కాలికి కట్టుతో పడుకున్న ఆచార్యులవారు రామారావును పిలిపించారు.

"ఆ థీసిస్ ఇలా తే. ముగింపు అలాగే ఉండనీ."

"మరి ఎలుకలు సార్?"

"వాటికి సమానంగా తిండి పెట్టి ఇంకోసారి చూద్దువుగాని. ముందు పెన్నియ్యి."

ఎలుకలు ససేమిరా ఇవ్వమన్న రుజువును గైడుగారే స్వయంగా చేసి చూపించారు.