పంతొమ్మిదో మనిషికి ప్రవేశం లేదు

ఆ శనివారం పొద్దున మబ్బు నర్సీపట్నం మీదా, పైనున్న కొండల మీదా ఒకే తుంపర రాల్చింది. ఎవరిది ఏ ఊరని అడగలేదు. మబ్బుకు చదువు లేదు మరి! చదువుకున్న వెబ్‌సైట్లు అలా అందరినీ తడిపెయ్యవు. మనిషిని చూస్తాయి, అనుమానిస్తాయి, గుమ్మంలోనే ఆపుతాయి. ఇది మన అదృష్టమని నా మనవి.

నమ్మరా? అయితే మత్స్యరాజు సంగతి వినండి.

మత్స్యరాజు కొండమీది రైతు. కూతురు చిట్టితల్లి ఇంటర్ పాసైంది. నర్సింగ్ సీటుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఆ సాయంత్రం ఐదింటికి గడువు ఆఖరు. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు. జీపు సంత రోజు మాత్రమే కిందికి దిగుతుంది. అందుకని పంతొమ్మిది మంది పిల్లలు ఒకే జీపుకు వేలాడుతూ వచ్చి, రాజేశ్వరి నెట్ సెంటర్లో ఒకే కంప్యూటర్ ముందు వరస కట్టారు. ఫోన్ నంబరు అడిగిన చోటల్లా రాజేశ్వరి తన నంబరే కొట్టింది. తర్వాత వచ్చే ఓటీపీ కొండమీదికి పోలేదు కదా!

పద్దెనిమిది దరఖాస్తులు వెళ్లాయి. పంతొమ్మిదోది చిట్టితల్లిది. సగం నింపేసరికి ఎర్రక్షరాలు: 'అనుమానాస్పద వినియోగం. మీకు ప్రవేశం లేదు.'

"ఏటమ్మా, ఏటంతంది?" అన్నాడు మత్స్యరాజు.

"ఇంతమందీ ఒకలేనంట బాబాయ్. మనిషి కాదు, దొంగ మిషనంట," అంది రాజేశ్వరి.

"మిషనా? మా పిల్ల పొద్దున్నుంచి ఏటీ తిన్నేదు. మిషనైతే కరెంటన్నా తాగును!"

పక్క సెంటర్‌కు పరిగెత్తారు. లాభం లేదు. సగం నింపిన దరఖాస్తు రాజేశ్వరి నంబరుకే కట్టేసి ఉంది.

ఎంత ముందుచూపు! ఈ తెలివి మనకూ రావద్దూ? అరవై మంది ఒకే బస్సెక్కితే కండక్టరు ఒక్కడికి టికెట్టు కొట్టి, తక్కినవాళ్లను మిషన్లని దింపెయ్యాలి. పెళ్లిపంక్తిలో వందమంది కూర్చుంటే ఒకే విస్తరి వెయ్యాలి. ఆడపెళ్లివారు ఎంత సంతోషిస్తారు!

ఒక్కటే చిక్కు. ఓట్లనాడు అదే జీపులో, ఒకే బడి గదిలోకి కొండంతా దిగుతుంది. ఆరోజు మాత్రం ఎవరికీ అనుమానం రాదు. జీపు కూడా పార్టీలవాళ్లే పంపుతారు!

ఇలా ఆపడం చట్టమేనా అని మత్స్యరాజుకు సందేహం. టీకొట్టు దగ్గర ప్లీడరు మన్మథరావుగారు దొరికారు.

"ప్రైవేటు సైటంటే సొంత గుమ్మం లాంటిది. ఎవర్ని రానివ్వాలన్నది చాలావరకు వాళ్లిష్టం. సర్కారుదైతే అలా కుదరదు. కారణం చెప్పాల. అందర్నీ ఒకేలా చూడాల."

"ఇది సర్కారుదేనండీ!"

"అయితే ఫిర్యాదు పెట్టు."

"ఎక్కడ పెట్టాలండీ?"

ప్లీడరుగారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఆ సైట్లోనే."

చూశారా, న్యాయం ఎంత దగ్గర్లో ఉందో! తలుపు తెరవడం లేదని తలుపు లోపలికెళ్లి చెప్పుకోవాలి. అంతే!

ఐదు దాటి ఒక్క నిమిషం. రాజేశ్వరి ఆశ చావక ఇంకోసారి నొక్కింది. సైటు తెరుచుకుంది! అనుమానం తీరిపోయినట్టుంది. 'స్వాగతం, చిట్టితల్లి గారూ' అని పేరు పెట్టి మరీ పిలిచింది. దాని కింద ఒక వాక్యం: 'దరఖాస్తుల గడువు ముగిసినది.'

మనిషేనని ఒప్పుకున్నాకే బయటికి పంపింది. మర్యాదంటే అదీ!

రాజేశ్వరి కంప్యూటర్ ఆపేసింది. మత్స్యరాజు అడ్డాకుల్లో కట్టి తెచ్చిన పొట్లం విప్పాడు. చల్లారిపోయిన అన్నం, చామదుంపల పులుసు. రాజేశ్వరి ముందూ ఒక ఆకు పరిచాడు. ఆమె వద్దనలేదు. ముగ్గురూ ఆ బల్లమీదే తిన్నారు. చిట్టితల్లి మాత్రం పులుసు అంటకుండా మార్కుల లిస్టును ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని తింది.