రాహుకాలం తెలిసిన కంప్యూటర్

ఆ శుక్రవారం ఉదయం నవనీత పెట్టుకున్న పనులు రెండే. కుప్పంలోని ఒక కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్ ఉద్యోగం కోసం దరఖాస్తు ఈమెయిల్‌లో పంపడం, ఆ తర్వాత తలంటిపోసుకోవడం. దరఖాస్తు పన్నెండులోపు చేరాలి. ఎం.సి.ఏ. పాసై ఏడాదిన్నరగా ఇంట్లో కూర్చున్న పిల్లకు అది మామూలు దరఖాస్తు కాదు. 2003లో ఆ ఇంటికి ఇంటర్నెట్ రావాలంటే ఫోన్ లైనే దిక్కు. రెండు రోజులుగా చచ్చిపడి ఉన్న లైను పది గంటల ఇరవై నిమిషాలకు ప్రాణం పోసుకుంది. అప్పటికే కంప్యూటర్ ముందు చాప పరుచుకుని ఏడుగురు కూర్చుని ఉన్నారు.

వాళ్లను రప్పించిన పాపం నవనీతదే. ఆమె తండ్రి రామచంద్ర మదనపల్లెలో పట్టుదారం వ్యాపారి. ముప్పై ఏళ్లుగా రాహుకాలంలో గడప దాటని మనిషి. కంప్యూటర్ కొన్నాక ఆ నియమం దానికీ వర్తింపజేశాడు. "రాహుకాలంలో దాన్ని యాల నొక్కుతాండావు?" అని అరిచి ఒకసారి ఏకంగా ప్లగ్గు పీకేశాడు. ఆ ముసలి యంత్రం మళ్లీ లేవడానికి అరగంట పట్టింది. ఇంతకంటే మర్యాదగా ఆపడమే నయమనుకుని, నవనీత పంచాంగం ముందు పెట్టుకుని, ఏ రోజు రాహుకాలానికి ఆ రోజు కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయేలా ఏడు రోజులకూ వేళలు పెట్టేసింది. తండ్రికి మాత్రం చెప్పలేదు. పెట్టడం వచ్చిన మనిషికి తీసేయడం కూడా వస్తుందని ఆయనకు తెలిస్తే పక్కనే కాపలా కూర్చుంటాడని ఆమె భయం.

రామచంద్ర సోమవారం చూశాడు, మంగళవారం చూశాడు. బుధవారం పంచాంగం, గడియారం రెండూ పట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా పన్నెండుకు కంప్యూటర్ ఆగిపోగానే ఆయన కళ్లు చెమర్చాయి. "మనుషులకు లేని బుద్ధి దీనికుండాది" అన్నాడు.

పక్కింటి గోవిందమ్మ వచ్చి దానికి కుంకుమ పెట్టింది. టమోటా మార్కెట్‌లో మండీ నడిపే హనుమంతు, లారీ కదిలించే ముందు కంప్యూటర్ వెలుగుతోందో లేదో మనిషిని పంపి కనుక్కోసాగాడు. నెల తిరిగేసరికి పుంగనూరు నుంచి కూడా జనం రావడం మొదలైంది. పంచాంగం అందరి ఇళ్లలోనూ ఉంది. అయినా కరెంటుతో నడిచేది చెబితే ఆ మాటకు బరువెక్కువ. తంబళ్లపల్లె రైతు మునిరాజయితే ఆ శుక్రవారం బోరు వేసే లారీని పొలంలోనే నిలబెట్టి బస్సెక్కి వచ్చాడు.

నవనీత జనాన్ని దాటుకుని కుర్చీలో కూర్చుంది. ముందుగా ఆ రోజు పదిన్నరకు పెట్టిన వేళను తీసేసింది. ఇక నిజం చెప్పక తప్పలేదు.

"నాయనా, ఇది ఈ పొద్దు ఆగదు. రోజూ ఆగేట్టు పెట్టింది నేనే. ఇప్పుడు తీసేసినాను."

"ఉద్యోగం దిగులుతో పిల్లకు మతి పోయినాది అన్నా" అంది గోవిందమ్మ.

"దాని ముందర అబద్ధాలాడొద్దు పాపా" అన్నాడు రామచంద్ర.

"పదిన్నర కానీండి. మీరే సూస్తారు."

పదిన్నరయింది. నెట్ ఇంకా కలవలేదు గానీ, కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. ఒక నిమిషం గడిచింది. రామచంద్ర ముఖం పాలిపోయింది. అది చూసి నవనీతకు గెలిచిన సంతోషం కూడా లేకపోయింది. మునిరాజు కండువా దులుపుకుని లేవబోయాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఏడుగురూ చేతులు జోడించారు. "పాప అడ్డం పడినాది గదా, అందుకే ఒక నిమిషం తడవైనాది" అన్నాడు హనుమంతు.

"ఫ్యాను కూడా ఆగింది కదప్పా!" అని మొత్తుకుంది నవనీత.

"ఫ్యానుకు గూడా తెలిసొచ్చినాది" అన్నాడు మునిరాజు భక్తిగా.

నవనీత నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ ఊళ్లో పొద్దున పోయిన కరెంటు మళ్లీ వచ్చేది ఒంటిగంటకే. రామచంద్ర కూతురివైపు చూశాడు, గోడ గడియారంవైపు చూశాడు. ఏడాదిన్నరగా ఆ పిల్ల పోస్టుమాన్ కోసం వాకిట్లో నిలబడడం ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. మేకుకు తగిలించిన స్కూటర్ తాళం తీశాడు.

"ఆ దరఖాస్తు ఇంగ యాడన్నా ఉండాదా?"

"ఫ్లాపీలో ఉండాది నాయనా. కానీ ఇప్పుడు రాహుకాలం..."

"తెలుసు. బండెక్కు."

ఏడుగురు చూస్తుండగా ఆయన గడప దాటాడు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు జనరేటర్ ఉంది. పదకొండూ నలభైకి దరఖాస్తు వెళ్లిపోయింది. కూతురు సంతోషంతో ఏడుస్తుంటే ఆయన రాహుకాలం పోవడానికి ఇంకా ఎన్ని నిమిషాలుందో గడియారంలో లెక్కపెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఏడుగురూ అక్కడే ఉన్నారు. "ఆపింది మా పాపే. అది ఉత్త డబ్బా. రాహుకాలంలో నేను పోయొచ్చినా, నాకేమీ కాలా" అని రామచంద్ర గట్టిగానే చెప్పాడు.

"ఎట్లయితాదిలే అన్నా" అంది గోవిందమ్మ. "నిన్ను అదే గదా పంపించినాది!"

నెల తర్వాత నవనీతకు ఉద్యోగం వచ్చింది. కొబ్బరికాయలు కంప్యూటర్‌కు కొట్టారు.