ద్వాలి అడిగిన కిటికీ

అశ్వారావుపేటలో హాతీరాం మాస్టారి ఇంటి మరమ్మతు కార్యక్రమం నిర్విఘ్నంగా సాగి, ఇల్లు మినహా తక్కినదంతా చక్కబడిందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది.

కార్యక్రమానికి మూలకారణం మాస్టారి భార్య ద్వాలి దగ్గు. ఇంట్లో గ్యాస్ బండ ఉన్నమాట నిజమే గానీ, అది చుట్టాలొచ్చినప్పుడు వెలిగించడానికి. మిగతా రోజుల్లో కట్టెల పొయ్యే. చీకటి కొట్టులాంటి ఆ వంటింట్లో పొగ మింగీ మింగీ ఆమెకు పడుకుంటే ఊపిరాడడం లేదు. "మందులతోని తగ్గదమ్మా, ముందు వంటింటికి కిటికీ పెట్టిచ్చుకో" అని దవాఖానా డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వంటింటికి తూర్పున పక్కింటి ఇన్నమ్మ గోడ ఆనుకుని ఉంది. కాబట్టి దక్షిణం గోడకు ఒక్క కిటికీ పెట్టించమని ద్వాలి భర్తను అడిగింది. పెళ్లయ్యాక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

హాతీరాం గారు సైన్సు మాస్టారు. గాలీ వెలుతురూ ఉన్న ఇంటికి వైద్యుడు రాడని ఏటా పిల్లలకు చెప్పి, పరీక్షలో అడుగుతారు కూడా. అందుచేత ఏమాత్రం ఆలస్యం చేయకుండా వాస్తు సిద్ధాంతిని పిలిపించారు.

సిద్ధాంతి గారు పట్టుగుడ్డలో చుట్టిన దిక్సూచి తీసి, నేలమీద పెట్టి, చాలాసేపు నిట్టూర్చారు.

"మాస్టారూ! దక్షిణం యమస్థానం. అక్కడ కిటికీ తెరవడమంటే యముణ్ణి భోజనానికి పిలవడమే. ఈ ఇంట్లో దోషం లేని గోడ ఏదైనా ఉందంటే ఇదొక్కటే. అమ్మగారి దగ్గుకు అసలు కారణం ఈశాన్యంలో ఉన్న బాత్రూం!"

"పొయ్యి ఈడ, పొగ ఈడ. దగ్గు బాత్రూంలకెల్లి ఎట్లొస్తదయ్యా?" అంది ద్వాలి.

"నీకు తెల్వదు, ఊకో. సారు టీవీల చెప్తడు" అన్నారు మాస్టారు.

కోటేష్ మేస్త్రీ గడ్డపారతో బాత్రూం కూల్చాడు. ద్వాలి చీర చాటున స్నానం చేస్తూ దగ్గింది. దోషం కదిలిందే గానీ పోలేదని సిద్ధాంతి గారు మళ్లీ వచ్చి నిర్ధారించారు. పడమటి గుమ్మం ఊడింది. స్టాఫ్‌రూం నుంచి ఉపాధ్యాయ బృందం తరలివచ్చి, తలా ఒక గోడను తప్పుపట్టి, టీ తాగి వెళ్లింది. ఉత్తరం గోడ పోవడంతో దూలానికి ఆధారం పోయింది, దూలంతో పాటు పెంకులూ దిగాయి. ఎలుకల మీది కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటే లోకం వెర్రివాడంటుంది. దిక్కుల మీది భక్తితో కూల్చుకుంటే శాస్త్రం తెలిసినవాడంటుంది. హెడ్మాస్టరు గారు స్వయంగా వచ్చి, ఇంత పట్టుదల గల ఉద్యోగి తమ బడిలో ఉండడం గర్వకారణమని అభినందించి వెళ్లారు.

చివరికి స్థలంలో దక్షిణం గోడ ఒక్కటే మిగిలింది. దానికి ఎవరూ గడ్డపార తగిలించకుండా పసుపు రాసి బొట్లు పెట్టారు. సంసారం టార్పాలిన్ కిందికి మారింది. ద్వాలి మూడు రాళ్లు పేర్చి ఆరుబయట వండసాగింది. పొగ తన దారిన తాను పామాయిల్ తోటల మీదికి పోయింది. వారం తిరగకుండానే ఆమె దగ్గు మాయమైంది.

"చూసిండ్రా, వాస్తంటే గిది!" అని మాస్టారు బజారంతా చాటారు.

ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే ఇన్నమ్మ కూడా సిద్ధాంతి గారికి కబురు పంపింది. "దేవుడు దేవుడే, దిక్కు దిక్కే వదినా" అని ద్వాలికి వివరించింది. కూల్చడానికి వీధిలో అందరి గోడలూ వరసలో ఉండడంతో కోటేష్ మేస్త్రీకి కట్టడానికి తీరిక లేకుండా పోయింది. ఎలాగో బతిమాలి, వానలకు ముందే అతన్ని రప్పించుకున్నారు మాస్టారు.

సిద్ధాంతి గారు కొత్త ఇంటికి ముగ్గు పోయించారు. వంటిల్లు మళ్లీ అదే మూల, అదే గోడకు ఆనుకుని. ద్వాలి ఆ ముగ్గును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది.

"మరి కిటికీ?" అంది.

"దగ్గు తగ్గిందిగదనే, ఇంకేం కిటికీ?" అన్నారు మాస్టారు.

నిజమే కదా అని వీధి వీధంతా తలూపింది. తమరు మాత్రం వాళ్లలాంటివారు కారు. ఇది చదువుతూ చదువుతూ ఒక్కసారి మీ వంటింటి వైపు చూశారంతే. పొగ పోతుందో లేదో అని కాదు, ఏ మూలన ఉందో అని.